పక్క విల్లాలో నవలలు రాసే ఆవిడ

నవలలు రాసేవాళ్ళంటే నాకు మొదట్నించీ నమ్మకం లేదు. మనం మాటవరసకి అన్నది పట్టుకుపోయి, పేరు మార్చి, ఊరందరికీ చూపించే రకం. అందుకే దోహాలో మేముండే అల్ ఘర్రాఫాలో మా పక్క విల్లాకి లోరెట్టా అనే అమెరికావిడ అద్దెకొచ్చిందనీ, నవలలు రాస్తుందనీ తెలిసిన రోజే కాంపౌండులో మన తెలుగువాళ్ళందరికీ చెప్పేశాను. "ఆవిడ కదిలిస్తే ఎండల గురించి మాట్లాడండి. ఇంటి సంగతులు మాత్రం ఒక్కటీ నిజం చెప్పకండి."

మా ఆయన రామమోహన్ నవ్వారు. "నీకు కూరలో ఉప్పు మీద కూడా అనుమానమే వేదా" అన్నారు. ఆయనకేం, పొద్దున పోయి సాయంత్రం వస్తారు. కాపరం చేసేది నేను.

లోరెట్టాకి అరవై దాటాయి. పొడుగు మనిషి, మగవాళ్ళ చొక్కాలు తొడుక్కునేది. అమెరికాలో మొక్కజొన్న పండే ఏదో మారుమూల ఊరట. తల్లి బట్టలుతికే దుకాణం నడిపిందట. ఈవిడ పగలంతా అక్కడ ఇస్త్రీ చేసి, తెల్లవారుజామున లేచి రాసుకుని, నలభై ఏళ్ళొచ్చాక మొదటి నవల అచ్చులో చూసుకుంది. ఇద్దరు మొగుళ్ళు, ఇద్దర్నీ వదిలేసింది. ఆరు నవలలు, ఆరూ ఆ ఊరి గురించే. నేను నెట్లో వెతికాను లెండి, ఊరుకుంటానా? చివరి దాన్ని చదివినవాళ్ళు నలుగురైదుగురు కూడా కనబడలేదు. పుస్తకాలు కూడు పెట్టక, దోహాలో ఒక కాలేజీలో రచన నేర్పే ఉద్యోగానికి వచ్చింది. ఇదంతా ఆవిడే చెప్పింది, మొక్కలకి నీళ్ళు పోస్తూ, గోడ మీంచి, నేను అడక్కుండానే. తన గుట్టు ఇంత తేలిగ్గా విప్పే మనిషి మన గుట్టు దాస్తుందా, మీరే చెప్పండి.

"పిల్లలెంతమంది?" అన్నాను. "లేరు" అంది, మైక్రోవేవ్ లేదన్నంత మామూలుగా. అదీ నాకు నచ్చలేదు.

పైగా పొద్దున్నే ఆ ఇంట్లోంచి రెండు గొంతులు వినబడేవి. ఒకటి తిడుతూ, ఒకటి ఏడుస్తూ. ఉండేది ఒక్కర్తే కదా, రెండో గొంతు ఎవరిది? గోడకి చెవి ఆనించి కూడా చూశాను. చివరికి మా రెండిళ్ళలోనూ వంట చేసే వహీదాని అడగాల్సొచ్చింది.

"రాసింది సదువుకుంటదమ్మా. ఒకపారి ముసలామె లెక్క, ఒకపారి పోరి లెక్క" అంది వహీదా.

వహీదాది కోరుట్ల. భర్త గయాజ్ ఒక కంపెనీలో స్టోర్ సూపర్‌వైజరు, ఉండేది ముఐథర్‌లో. అతని వీసా మీద భార్యగా వచ్చింది కాబట్టి ఇళ్ళల్లో వంట పని చెయ్యడానికి తనకి పర్మిషన్ లేదు. ఏళ్ళ తరబడి మా ఇంట్లో గుట్టుగా చేస్తోంది. తర్వాత లోరెట్టా ఇంట్లోనూ కుదిరింది. ఆవిడ ఏ పత్రికలోనో నాలుగు ముక్కలు రాసిందంటే మొదట మునిగేది వహీదా కొంపే. అందుకని అందరికంటే దానికే గట్టిగా చెప్పాను, ఒక్క నిజం కూడా నోరు జారొద్దని.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు గోడ మీంచి లోరెట్టా, "మరీహా ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైందట, మీరు చెప్పనే లేదే!" అంది.

"మరీహా ఎవరు?"

"వహీదా కూతురు."

వహీదాకి కూతురేమిటి? పిల్లలు లేరని అత్తగారు ఫోన్లో దెప్పితే నా వంటింట్లో కూచుని ఏడ్చిన మనిషి. ఎవరి పిల్ల ఇది? ఇన్నాళ్ళూ నా దగ్గర దాచిందా? లేక పిల్ల పేరు చెప్పి ఈ పిచ్చిదాని దగ్గర ఏమైనా గుంజుతోందా? ఈలోగా లోరెట్టా ఇంకో బాంబు పేల్చింది. తన కాలేజీలో ఆ పిల్లకి ఫీజు లేకుండా సీటు ఇప్పించిందట. పాస్‌పోర్టు కాపీ ఇస్తే చాలట. "నా కొత్త నవల కూడా మరీహా మీదే" అని మురిసిపోయింది.

వహీదా బెండకాయలు తరుగుతోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "ఎవరే మరీహా?"

చాకు ఆగింది. "మీరే గదమ్మా నిజం చెప్పొద్దన్నరు."

"నిజం చెప్పొద్దన్నాను గానీ పిల్లని కనమన్నానా?"

"మొదటి దినమే అడిగింది, పిల్లలెంతమందని. అందరు అడుగుతరు గదా. పెండ్లిల అడుగుతరు, ఫ్లైట్ల పక్క సీటామె గూడ అడుగుతది. లేరంటే అయ్యో అంటరు. ఇగ డాక్టర్ల పేర్లు చెప్తరు, దర్గాల పేర్లు చెప్తరు. ఎట్లయినా అబద్ధమే చెప్పాలె గదా అని, ఒక బిడ్డ ఉన్నది, మా అమ్మ తాన సదువుతది అన్న. ఆమె అయ్యో అనలే. పేరేంది అన్నది."

"ఆ పేరెక్కడిది?"

"పెండ్లయిన కొత్తల్ల అనుకున్న పేరు." తల వంచుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. "ఇగ రోజు అడుగుడే. మరీహా ఏం తింటది, దేనికి భయపడతది, ఏడిస్తే ఎట్ల ఏడుస్తది. పండుకునేటప్పుడు రేపటికి ఏం చెప్పాల్నో సోచాయించేదాన్ని. గయాజ్‌కు గూడ తెల్వది."

ఒళ్ళు మండిపోయింది నాకు. కాలేజీవాళ్ళు కాగితాలు అడుగుతారు, లేవంటే కూపీ లాగుతారు, లాగితే వంట పని బయటపడుతుంది. "సరే, విను. ఆ పిల్ల చచ్చిపోయిందని చెప్పు. డెంగ్యూ అని చెప్పు. పోయిన పిల్లకి పాస్‌పోర్టు ఎవరూ అడగరు" అన్నాను.

వహీదా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. కానీ తలూపింది. వేరే దారి నాకూ తోచలేదు, దానికీ తోచలేదు.

సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. లోరెట్టా టీ కలిపి కూచోబెట్టింది. బల్ల మీద ఒక చిన్న లైటు ఉంది, అట్టపెట్టె ఇంకా పక్కనే పడుంది. హాస్టల్ గదిలో మరీహా చదువుకోవడానికని కొన్నదట. వహీదా దాని వంకే చూస్తోంది.

"మేడం, మరీహా..." అని ఆగిపోయింది.

"డెంగ్యూ" అని గొణిగాను.

నా వైపు తిరిగింది. "నాతోని కాదమ్మా. నా బిడ్డ సచ్చిపోయిందని నా నోటితోని ఎట్ల అనాలె?" అని, ఆవిడకేసి చూస్తూ తనకొచ్చిన ఇంగ్లీషు, హిందీ కలిపి చెప్పేసింది. కూతురు లేదు మేడం, ఎప్పుడూ లేదు, అంతా అబద్ధమే.

లోరెట్టా మొహం ఎర్రగా కందిపోయింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "ఆ పిల్ల కోసం ఎంతమందిని బతిమాలానో తెలుసా?" అంది. లేచి తలుపు తీసి పట్టుకుంది. మేం బయటికొచ్చేశాం.

ఇక నాకు తిండి సయించలేదు. గేటు ముందు తెల్ల బండి ఆగితే పోలీసులే అనుకునేదాన్ని. పొద్దున్నే వచ్చే గొంతులు ఆగిపోయాయి, దానికీ అనుమానమే. రాయడం మానేసి ఎవరికైనా ఫిర్యాదు రాస్తోందా? వహీదా ఆ ఇంటికి పోవడం మానేసింది. మా ఇంట్లో వండుతోంది గానీ, మనిషి ఇక్కడ లేదు. పప్పు మాడ్చింది. ఆ మాడిందే తిన్నాం. నిజంగానే ఎవరో పోయినట్టు ఉండేది ఇంట్లో.

ఒక శనివారం లోరెట్టా మా వంటింటి తలుపు తట్టింది. నేను అడ్డంగా నిలబడ్డాను. పక్కకి జరగండన్నట్టు చెయ్యి ఊపి లోపలికొచ్చేసింది.

"కాలేజీలో పొరపాటు నాదేనని చెప్పి ఆ సీటు వెనక్కిచ్చేశాను. ఎవరి కూతురని ఎవరూ అడగలేదు" అంది. స్టూలు లాక్కుని కూచుంది. "నాకు ఇంకా కోపంగానే ఉంది. కానీ ఆ పిల్ల నా నవలలో కాలేజీ గేటు దగ్గర నిలబడిపోయింది. లోపలికి పోనిద్దామని రోజూ కూచుంటాను, కదలదు. నా మాట వినదు. తల్లి చెప్పాలి."

వల వేస్తోందని నాకు అర్థమైంది. వహీదా నోటితోనే అన్నీ చెప్పించి తర్వాత ఇరికిస్తుంది. "నోరు విప్పకు, కూపీ లాగుతోంది" అన్నాను తెలుగులో.

వహీదా గరిటె తిప్పుతూనే ఉంది. "పోయిందమ్మా లోపటికి. మొన్ననే పోయింది. చెప్పుండ్రి మేడంకు" అంది.

చెప్పక ఏం చెయ్యను? ఇంగ్లీషులో చెప్పాను. లోరెట్టా ముందుకి వంగింది. గదిలో ఇంకెవరుంటారని అడిగింది. మలయాళీ పిల్ల ఉంటదట, రాత్రంతా ఫోన్ మాట్లాడుతదట, మరీహాకు నిద్ర పట్టదట. మొదటి వారం బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చిందట, ఎవరికీ వినబడొద్దని. వహీదా చెప్పడం, నేను అటు చెప్పడం. దాని గొంతులో బొత్తిగా తడబాటు లేదు. స్టవ్ మీద ఏముందో ముగ్గురం మర్చిపోయాం.

లోరెట్టా ఇంకేదో అడగబోతోంది. ఈలోగా నేనే అడిగేశాను, "హాస్టల్లో తిండి పడుతోందా దానికి?"

"ఏడ పడతది అమ్మా" అంది వహీదా. "సగమైంది బిడ్డ."

"అయితే శుక్రవారం మనింటికి తీసుకురా" అన్నాను.