మాటలమ్మ చెప్పలేని కథ

సీరియళ్ళు రాసేవాళ్ళని చూసి జాలిపడటం చదువుకున్నవాళ్ళకి ఒక ముచ్చట. పాపం, ఎంతో గొప్పగా రాయాల్సిన మనిషి, పొట్టకూటికి ఇందులో పడింది అంటారు. మాటలమ్మ విషయంలో ఆ జాలి శుద్ధ దండగ. ఆమె పడలేదు, దూకింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఇంటిదాకా వస్తే కాదని మరీ దూకింది. దూకిన దగ్గర్నుంచీ కాలు ఒకచోట నిలవదు, అది వేరే సంగతి.

మాటలమ్మ అని పేరు పెట్టింది సెట్టులో లైట్లు మోసేవాళ్ళు. సీరియల్లో పదిమంది మాటలూ ఆమే రాస్తుంది గానీ, ఆమె నోట్లోంచి ఒక మాట ఊడిపడాలంటే గగనం. సెట్టంటే మూడు సీరియళ్ళు పంచుకునే ఒక అద్దె ఇల్లు. హాల్లో మెట్ల మీద పొద్దున ఒక కోడలు ఏడుస్తుంది. సోఫాల మీద గుడ్డలు మార్చాక, అవే మెట్ల మీద మధ్యాహ్నం ఇంకో కోడలు ఏడుస్తుంది. వంటగదిలో కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ఆ ఉత్తుత్తి వంటగది గట్టు దగ్గర నిలబడి, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకుంటూ మాటలమ్మ ఫోన్లో సీను కొడుతుంటుంది. సగంలో ఉండగానే బయటినుంచి కేక.

"మాటలమ్మా, అత్తగారు మేకప్ వేసుకుని కూర్చున్నారు. తిట్లు ఇంకా రాలేదంట."

"వస్తున్నాయని చెప్పు."

"గట్టివే వెయ్యమంటున్నారు. నిన్నటివి సప్పగా ఉన్నాయంట."

పని ఆమెది, పేరు ఆమె చేత రాయించుకునే సీనియర్ రచయిత పెద్దాయనది. 'కథ, మాటలు' అన్న అక్షరాల కింద ఆయన పేరు తెరనిండా నిలబడుతుంది. ఆమె పేరు 'రచనా సహకారం' కింద మరో నలుగురితో ఇరుక్కుని, వెళ్ళిపోయే బస్సు మీది బోర్డులా కనబడీ కనబడకుండా పోతుంది. అలాగని పెద్దాయన దొంగేం కాదు. ఈ వ్యాపారంలో కథ కాగితం మీద అమ్ముడుపోదు. ఛానెల్‌లో కథలు కొనే మేనేజరమ్మ ఎదురుగా కూర్చుని, ఏడ్చి, నవ్వి, బల్ల గుద్ది నోటితో చెప్పాలి. ఆవిడ కాగితాలు చదవదు. పెద్దాయన చెప్తుంటే ఆవిడ ముందున్న టీ చల్లారిపోతుంది. ఆయన చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు. కథ కొన్నాక రాసేది ఎలాగూ మాటలమ్మే.

మాటలమ్మకి కావలసింది ఒక్కటే. తన సొంత కథ ఒకటి తెర మీదికి రావాలి, ఆ పెద్ద అక్షరాల కింద తన పేరు ఒక్కటే ఉండాలి. దానికోసం ఒకసారి మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళింది కూడా. మొదటి సీను చెప్పింది. రెండోది చెబుతుండగా గొంతు పీలగా అయిపోయి, రైల్వే ప్రకటన చదివినట్టు చదివింది. మేనేజరమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని, "బాగుందండీ, మెయిల్ చేసెయ్యండి, చూస్తాం" అంది. ఆ ఆఫీసులో 'చూస్తాం' అన్నమాటకి అర్థం ఏమిటో గేటు దగ్గర కాపలా మనిషికి కూడా తెలుసు.

ఇప్పుడు ఇంకోసారి పిలుపు వచ్చింది. గురువారం రమ్మన్నారు. ఈసారి కూడా పోతే మూడోసారి ఎవరూ పిలవరు. మాటలమ్మ ఇంట్లో గది ఈ మూలనుంచి ఆ మూలకి తిరుగుతోంది. తల దువ్వుకుంటూ కథ, స్నానం చేస్తూ కథ, గోడకి కథ. గోడ కూడా ఆవలించేలా ఉంది. అక్క మంచం మీద కూర్చుని చాలాసేపు చూసింది.

అక్క పరుపుల షోరూంలో అమ్మకాలు చూస్తుంది. నడుంనొప్పి ఎరగని మనిషి చేత "అమ్మో, నిజమే, పొద్దున లేవగానే పట్టేస్తోంది" అనిపించి పరుపు అంటగట్టి పంపించగల మనిషి. వినేవాళ్ళుంటే చాలు, అబద్ధమా నిజమా అన్న తేడా ఆమెకి పెద్దగా ఉండదు.

"కూర్చోవే, కళ్ళు తిరుగుతున్నాయి. నీకు బదులు నేను చెప్తా."

"నువ్వా?"

"నీ గొంతు పోయిందని చెప్దాం. అబద్ధం కూడా కాదు, ఎప్పుడుందిలే."

"ఒక్క ముక్క మార్చనని ఒట్టెయ్యి."

"నీ కథ నేనెందుకు మారుస్తానే, నాకేం పని లేకనా?"

గురువారం ఛానెల్ ఆఫీసు గాజుగదిలో మాటలమ్మ మెడకి మఫ్లరు చుట్టుకుని కూర్చుంది. అక్క మొదలుపెట్టింది. కథ ఇది. ఒక ఇల్లాలి మీదికి భర్త రెండో పెళ్ళి చేసుకుని సవతిని తీసుకొస్తాడు. ఇంట్లో పెరటి తలుపులోంచి దొంగచాటుగా వచ్చే మరిది ఒకడుంటాడు. మూడో ఎపిసోడ్‌లో ఇల్లాలు తాళాలగుత్తి అత్తగారి చేతిలో పెట్టి, తల ఎత్తుకుని గడప దాటుతుంది. అక్కడినుంచి ఆమె సొంతకాళ్ళ మీద నిలబడటమే సీరియల్. మాటలమ్మకి ఆ గడప దాటే సీనంటే ప్రాణం. దానికోసమే మిగతాదంతా రాసుకుంది.

అక్క సరిగ్గా గడపదాకా తీసుకొచ్చింది. అప్పుడు మేనేజరమ్మ చెయ్యి ఫోన్ వైపు కదిలింది. అక్క అది చూసింది. పరుపు నొక్కి చూసి తలుపు వైపు తిరిగే మనుషుల్ని ఆమె రోజూ చూస్తుంది.

"గడపదాకా వచ్చిందండీ," అంది అక్క గొంతు తగ్గించి. "అందరూ పోతుందనుకున్నారు. ఆగింది. అత్తగారి చేతిలోంచి తాళాలగుత్తి తీసుకుని మళ్ళీ నడుముకి దోపుకుంది. 'నేనెక్కడికీ పోను. నా మంచం మధ్యగదిలో వెయ్యండి' అంది."

మాటలమ్మ మఫ్లరు విప్పబోయి, గొంతు పోయిందని చెప్పిన సంగతి గుర్తొచ్చి ఆగింది.

"మధ్యగదిలోనా?" అంది మేనేజరమ్మ.

"ఆ ఇంట్లో వంటింటికి పోవాలన్నా, పడగ్గదికి పోవాలన్నా మధ్యగదిలోంచే పోవాలండీ. కొత్తపెళ్ళికొడుకు మంచినీళ్ళకి లేచినా పెద్దపెళ్ళాం మంచం పక్కనుంచే. సవతి టీ పట్టుకెళ్ళినా అక్కడినుంచే. ఆమె ఏమీ అనదు. చూస్తుందంతే."

మేనేజరమ్మ ఫోన్ ముట్టుకోలేదు. "మరి ఇందాక పెరటి తలుపు ఉందన్నారుగా. మరిది దొంగచాటుగా వచ్చింది దాంట్లోంచే కదా. వీళ్ళు కూడా చుట్టూ తిరిగి పోవచ్చుగా?" అంది.

అక్క నవ్వింది. పరుపుల షోరూంలో ఆ నవ్వుకి ఇంకో పదిశాతం తగ్గింపు అని అర్థం. ఇక్కడ తగ్గించడానికి ఏమీ లేదు.

"పెరటి తలుపుకి తాళం వేయించింది ఆమే," అంది మాటలమ్మ.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు, మాటలమ్మతో సహా.

"మరిది ఆ దారిన వచ్చినట్టు బయటపడింది కాబట్టి, ఇంటి పరువుపేరు చెప్పి వేయిస్తుంది. కాదనే దమ్ము ఎవరికీ ఉండదు. తాళంచెవి అత్తగారికిస్తుంది. సవతికి ఆ దారి కావాలంటే అత్తగారిని అడగాలి. ఎందుకమ్మా అంటే, పెద్దావిడ మంచం ముందునుంచి నడవలేకపోతున్నాను అని చెప్పాలి. అది చెప్పిన రోజు ఓడిపోయినట్టు. అందుకే అడగదు. నూరు ఎపిసోడ్లదాకా అడగదు."

రైల్వే ప్రకటన గొంతు ఎటుపోయిందో తెలియదు. కథ చెప్పమంటే రాని మాట, కథకి పడిన చిల్లు పూడ్చమంటే తన్నుకుంటూ వచ్చింది. మేనేజరమ్మ టీ వైపు చూడనైనా లేదు.

"ఒకటే ఇల్లు, ఒకటే గది. ఖర్చు కూడా లేదు," అంది ఆవిడ తనలో తాను. తర్వాత, "కథ ఎవరిది? పేరు ఎవరిది వెయ్యాలి?" అంది.

"మా చెల్లిదే. నాది నోరు మాత్రమే," అంది అక్క.

మాటలమ్మ ఆ క్షణంలో కాదు అనవచ్చు. ఇలాంటి చోట కాదన్నవాళ్ళ గురించి నీతికథలు బోలెడు ఉన్నాయి. వాటిలో ఎవరూ సీరియళ్ళు రాసి బతకలేదు. ఆమె "అవును" అంది. కాగితం మీద సంతకం పెట్టింది.

ఆటోలో అక్క ఒక చివరా, ఆమె ఒక చివరా కూర్చున్నారు. ఇంత కాలం కోరుకున్నది చేతికొస్తే ఇలా ఒళ్ళంతా గీరుకుపోయినట్టు ఉంటుందని ఆమె అనుకోలేదు.

"ఒట్టేశావు."

"వేశాను. ఆవిడ ఫోన్ తీస్తుంటే ఒట్టు తిండి పెడుతుందా?"

"నా మనిషి గడప దాటాలి. దాని కోసమే రాశాను."

"దాటి ఎక్కడికి పోతుందే? నువ్వు రాసిన దాంట్లో గడప దాటాక అన్నీ మంచిమాటలే. వింటుంటే నాకే నిద్రొచ్చింది."

"అయితే పేరు నీదే వేయిస్తాను. వెనక్కి పోనియ్యమంటాను ఆటో."

"బుద్ధుందా? టీవీలో నా పేరు చూస్తే మా ఓనరు, జబ్బని సెలవు పెట్టి నువ్వు చేసే పని ఇదా అని పీకేస్తాడు." అక్క కిటికీ లేని ఆటోలోంచి బయటికి తల పెట్టి గాలి పీల్చుకుంది. "నాకు నచ్చందల్లా ఒకటే. తాళంచెవి అత్తకెందుకిచ్చావు? నేనైతే సవతికే ఇద్దును."

"నోర్ముయ్యి అక్కా."

ఆటో రెండు వీధులు దాటింది. మాటలమ్మ చెప్పులోంచి కాలు తీసింది, పెట్టింది. బ్యాగు తెరిచింది, మూసింది. పెద్దాయన దగ్గర జరిగేది కూడా ఇదే, ఒకరిది నోరు, ఒకరిది రాత, పేరు మాత్రం ఒక్కరిది. ఇప్పుడు ఆ ఒక్కరూ తనే. ఇది మింగుడుపడటానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. మొదటి ఎపిసోడ్లు మాత్రం సోమవారానికి కావాలి.

"సవతికే ఎందుకు?" అంది, ఫోన్ తీసి రాసుకోవడానికి సిద్ధమై.