టీషర్టు మీద అడవిదున్న

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వేసవి మొదట్లో, హస్తకళల విభాగం నన్ను డిప్యుటేషన్ మీద ఖమ్మం పంపింది. అప్పటికి నేను సీనియర్ డిజైనర్‌ని. ములకలపల్లి దాటాక, అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన గూడేల వాళ్లు పర్యాటకుల కోసం వెదురుతో ఒక అడవిదున్నను కడుతున్నారు. మేడంత ఎత్తు. కాళ్ల మధ్య నుంచి నడిచి కడుపులోకి వెళ్లవచ్చు. ప్రారంభోత్సవం నాటికి దాని బొమ్మతో టీషర్టులు తయారు చేయించడం నా బాధ్యత.

అచ్చు పనిలో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన సన్నని జాలీగుడ్డ. రంగు దాని గుండా బట్ట మీదికి దిగుతుంది. ఫొటోలు తెప్పించుకుని, దున్నను పక్కనుంచి చూసినట్టు రెండు రంగుల్లో గీశాను. మా విభాగం జిల్లా అధికారి ఆమోదించారు. స్క్రీన్లు తయారయ్యాయి.

కొమ్ముల వంపు సరిచూసుకుందామని ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లాను. కట్టేవాళ్లకు పెద్ద అయిన నాగమ్మ నీడలో కూర్చుని వెదురు చీలుస్తోంది. నేనొక్కడినే దున్న కడుపులోకి నడిచాను. తలెత్తితే పొడవాటి వెన్నెముక, దాన్నుంచి రెండు పక్కలా దిగిన వెదురు పక్కటెముకలు, వాటి సందుల్లో ఆకాశం. ఇంతలో అడవి వైపు నుంచి గాలి కొట్టింది. బొంగులన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి. పక్కటెముకలు విచ్చుకుని మళ్లీ దగ్గరయ్యాయి. ఆ దున్న ఊపిరి పీల్చి వదిలినట్టే అనిపించింది. పక్కనున్న బొంగును రెండు చేతులతో పట్టుకున్నాను.

"భయపడ్డరా సార్?" నాగమ్మ లోపలికి వచ్చి అడిగింది.

"అవునమ్మా," అన్నాను.

"మేమే కట్టినం గని, మొదటిసారి గిట్ల ఊగినప్పుడు నేను బయటికి ఉరికిన. ఇప్పటికీ ఈడ గట్టిగ మాట్లాడబుద్ధి గాదు." ఆ మాట కూడా గొంతు తగ్గించే అంది.

సంచిలోని నమూనా తీసి చూపించాను. బాగుందని మెచ్చుకుంది. నాకే అది చచ్చిన జంతువులా కనిపించింది.

డిజైన్ మారుస్తానంటే అధికారి విసుక్కున్నారు. "దున్న బొమ్మ లేకుండ దున్న టీషర్టు ఏందండీ? టైమెక్కడుంది?" ఒక్కసారి లోపల నిలబడి చూడమని బతిమాలి తీసుకెళ్లాను. ఆ రోజు గాలి కూడా లేదు. అయినా చాలాసేపు తలెత్తే ఉన్నారు. ఫోన్ మోగితే కట్ చేశారు. బయటికొచ్చాక, "జల్దీ కానియ్యండి," అన్నారు.

కొత్త డిజైన్‌లో దున్న బొమ్మ లేదు. వీపు మీద వెన్నెముక, అక్కడి నుంచి చుట్టి ఛాతీ మీదికి వచ్చే పక్కటెముకలు. కుట్టేసిన టీషర్టు మీద ఇది కుదరదు. కుట్ల దగ్గర గీత విరిగిపోతుంది. అందుకని బట్టను ముందే కత్తిరించి, అచ్చు వేసి, ఆ తర్వాత కుట్టించాం. మొదట కుట్టినవాటిలో ఎముకలు కలవలేదు. దర్జీలు అన్నీ విప్పి, గీతకు గీత గుండుసూదులు గుచ్చి మళ్లీ కుట్టారు. ప్రారంభోత్సవం రోజు పొద్దున గానీ సరుకు చేరలేదు.

గూడేల వాళ్లు వాటిని తొడుక్కుని కేరింతలతో లోపలికి వెళ్లారు. గాలి వచ్చింది. పైన పక్కటెముకలు కదిలాయి, కింద మనుషుల ఊపిరితో వాళ్ల ఒంటి మీదివీ కదిలాయి. దున్న ఎక్కడ ఆగిందో, మనుషులు ఎక్కడ మొదలయ్యారో తెలియలేదు. కేరింతలు వాటంతటవే ఆగిపోయాయి. నా పక్కనున్న నాగమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఒక పెద్ద వస్తువును కుదించి బట్ట మీద పెడితే దాని ఆకారం మాత్రమే వస్తుంది. దాని దగ్గర మనిషికి ఏమవుతుందో అది గీయాలి. మిగిలిన సర్వీసులో ఏ పని అప్పగించినా ముందు అక్కడికి వెళ్లి నిలబడేవాణ్ని. పెన్సిలు తర్వాతే తీసేవాణ్ని.