శాలువా మీద వాలిన పరిశోధన

నేను మదనపల్లెలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఆప్టికల్ ఫైబర్‌తో టమాటా చాళ్ల మధ్యకు వెలుగు పంపి, రెక్కల పురుగులను రప్పించి పట్టే పరికరం తయారుచేశాను. నిరుడు బైరెడ్డిపల్లె దగ్గర ఒక తోటలో దాని ప్రదర్శన. ముఖ్య అతిథిగా వచ్చే ఎమ్మెల్యే మెచ్చి నిధులిప్పిస్తేనే పరిశోధన ముందుకు సాగుతుంది.

పొద్దుగూకగానే పరికరం వెలిగించాను. అప్పుడే ఫొటోల కోసం మా ప్రిన్సిపాల్ వేదిక మీద ఫోకస్ లైట్లు వేయించారు. తోటలోని పురుగులన్నీ వేదికెక్కాయి. "రైతే రాజు" అంటూ నోరు తెరిచిన అతిథి గొంతులోకి ఒకటి దూరింది.

"లైట్లు ఆర్పండి సార్!" అని అరిచాను.

"యాలప్పా అరుస్తావు? శాలువా ఫొటో ఇంగా కాలేదు" అన్నారు ప్రిన్సిపాల్, మొహం మీది పురుగులు తోలుకుంటూ.

మర్నాడు పేపర్లో ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. శాలువా మీది పురుగులను అందరూ పూలనుకున్నారు. నా పరిశోధన అక్కడితో ఆగిపోయింది కానీ, వెలుగుకు ఎగబడేవి పురుగులు మాత్రమే కాదని తేలింది.