చెప్పకుండా వెళ్ళిన బండి

యాభై దాటాక ఆడవాళ్ళకు భక్తి ముదురుతుందంటారు. నాకు మాత్రం వేగం పిచ్చి పట్టింది.

కెనడాలో సస్కటూన్ ఊరికి కాస్త దూరంలో, చుట్టూ గోధుమ పొలాలు తప్ప ఇంకేమీ లేని చోట మేము ఇల్లు కొనుక్కున్నాం. అది మావారి కోరిక. యూనివర్సిటీలో మట్టి గురించి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇక మిగిలిన జీవితంలో ఏ చప్పుడూ వినకూడదని పంతం పట్టారు. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, పొలం అంచుకు వచ్చే జింకల్ని చూడటమే ఆయనకు పెద్ద పని. నిశ్శబ్దం కోసం ఆయన ఏరికోరి కొన్న ఇంటికి నేను మంచు మీద పరుగెత్తే స్నోమొబైల్ తెచ్చాను. మా సంసారం ఎలాంటిదో దీన్నిబట్టే తెలిసిపోతుంది.

హాస్పిటల్ ల్యాబ్‌లో నాతో పనిచేసే ఆవిడ ఒక ఆదివారం తన వెనక ఎక్కించుకుని తిప్పింది. అంతే, నా పని అయిపోయింది. ఇక్కడివాళ్ళు దాన్ని స్లెడ్ అంటారు, నేను మొదటి రోజు నుంచీ బండి అనే అన్నాను. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో మన స్కూటర్ సీటు లాంటి సీటు. కుడి బొటనవేలితో నొక్కితే చాలు, మంచు కప్పిన పొలం మొత్తం కాళ్ళకిందికి పరుగెత్తుకొస్తుంది. గట్టు ఎక్కి అవతలికి దిగేటప్పుడు కడుపులో ఖాళీ అవుతుంది చూడండి, ఆ క్షణం కోసం నేను వారమంతా ల్యాబ్‌లో రక్తపు గొట్టాలతో కుస్తీ పట్టేదాన్ని. హెల్మెట్‌లో నోరారా కేకలు పెట్టేదాన్ని. ఇంజన్ గోలలో నా కేకలు నాకే వినపడేవి కావు. పుట్టింట్లో గట్టిగా నవ్వితేనే తప్పు. ఇన్నేళ్ళకి నోరు తెరిచి అరవడానికి ఒక చోటు దొరికింది.

మావారి ఫిర్యాదుల్లోనూ అబద్ధం లేదు. అది పాత టూ-స్ట్రోక్ బండి. స్టార్ట్ చేస్తే చెవులు చిల్లులు పడేవి. పెట్రోలూ ఆయిలూ కలిసి కాలిన నీలం పొగ, గాలి లేని రోజున పెరట్లో మంచు మీదే పరుచుకుని కదిలేది కాదు. జింకలు రావడం తగ్గించేశాయి. నా కోటుకూ జుట్టుకూ చేతులకూ సబ్బుకు లొంగని వాసన పట్టేది.

"ఏమోయ్, ఈ కంపుతో వంటింట్లోకి వస్తే పప్పు కూడా పెట్రోలు వాసన కొడుతుంది," అనేవారు.

"పెళ్ళైన కొత్తలో మీ స్కూటరూ ఇదే పొగ వదిలేది. అప్పుడు కంపు అనిపించలేదా?"

"అప్పుడు నువ్వు వెనక కూర్చునేదానివి," అనేవారు.

అంత విసుక్కునే మనిషే, బండి కొన్న ఏడాది దసరాకు దానికి పూజ చేయాల్సిందేనన్నారు. గ్యారేజీలో దానికి పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. నిమ్మకాయల దగ్గర తల పట్టుకున్నాం. చక్రాలుంటే కింద పెట్టి తొక్కిస్తాం, దీనికి చక్రాలేవి? చివరికి రెండు స్కీల కిందా చెరొకటి దూర్చారు. మంచు పడలేదు కనక బండి కదల్లేదు. నవంబరులో మంచు పడ్డాక నేను బండి బయటికి తీస్తే, అప్పటికి రాళ్ళలా గడ్డకట్టుకుపోయిన నిమ్మకాయల్లో ఒకటి నలగకుండా ఎగిరి వెళ్ళి ఆయన కారు తలుపుకు తగిలింది. సొట్ట పడింది. దిష్టి నా బండికి పోయి తన కారుకు తగిలిందని ఆ చలికాలమంతా చెప్పుకుని నవ్వారు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. నేను బండి తీసే ప్రతిసారీ గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తా" అనాలి. "వెళ్తున్నా" అంటే ఊరుకునేవారు కాదు, వెనక్కి పిలిచి మళ్ళీ అనిపించేవారు. సైన్సు చదివిన మీకు ఇదేం చాదస్తమండీ అంటే, "మంచులో పడి తిరిగేదానివి. వస్తానన్న మాట నోట్లోంచి వచ్చాకే గడప దాటు," అనేవారు.

ఆయన పోయాక ఇది రెండో చలికాలం. "వెళ్ళొస్తా" అని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే ఎంత బాధగా ఉంటుందో నాకు ముందు తెలియదు. ఇప్పటికీ తాళం తిప్పుతూ ఖాళీ ఇంటికే చెప్పి బయల్దేరతాను.

ఆయనకు వచ్చింది ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. నా బండి పొగ వల్ల వచ్చింది కాదని డాక్టర్ అడగకుండానే చెప్పింది. కానీ పొగ తగిలితే దగ్గు తెర ఆగేది కాదు. బండిని గ్యారేజీ నుంచి వెనక షెడ్డుకు మార్చాను. ఆ చలిలో షెడ్డులోనే బట్టలు మార్చుకుని ఇంట్లోకి వచ్చేదాన్ని. అయినా లాభం లేకపోయింది. నేను పక్కన కూర్చుంటే చాలు, జుట్టులోని వాసనకే దగ్గేవారు. మానేస్తానన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "దగ్గు నాది, సరదా నీది. రెండూ కలపకు," అన్నారు. నేను శనివారం ఇంట్లో ఉండిపోతే ముఖం మాడ్చుకుని కూర్చునేవారు. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ రొద తప్ప ఇంకో చప్పుడు లేదు. నిశ్శబ్దం కోసం ఇక్కడికి వచ్చిన మనిషి ఒకరోజు, "ఇల్లు మరీ బావురుమంటోందోయ్, కాసేపు నీ గోల వినిపించు," అన్నారు. ఆ మాట కోసమే ఒకసారి బండి తీశాను. గాలి ఇంటివైపు తిరిగింది. తిరిగి వచ్చేసరికి వాకిట్లో అంబులెన్స్ ఉంది.

హాస్పిటల్ నుంచి వచ్చాక కొత్త మందు మొదలుపెట్టారు. దాని మీద ఆయనకు కొండంత ఆశ. "ఈ మందు పనిచేస్తే ఫిబ్రవరిలో నీ బండి ఎక్కుతా. హైదరాబాదులో నేను నడిపితే నువ్వు వెనక కూర్చున్నావు. ఈసారి నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటా," అన్నారు. అంతవరకూ ఒక్కసారైనా ఆ బండిని ముట్టుకోని మనిషి. కూతురితో ఫోన్లోనూ అదే మాట. వచ్చినవాళ్ళకు టీ ఇస్తుంటే వాళ్ళతోనూ అదే మాట. హెల్మెట్ సైజు కూడా చూడమన్నారు. మందు పనిచేస్తోందా లేదా అని మాత్రం నన్ను ఎప్పుడూ అడగలేదు. రిపోర్టులు చదవడం నా ఉద్యోగమని ఆయనకు తెలుసు.

నేను చదివాను. మందు పనిచేయడం లేదు.

కాల్గరీలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చాను. అదీ ఏడ్చి, "అమ్మా, జస్ట్ సెల్ ఇట్. నాన్న డజంట్ హావ్ టు నో," అంది. షెడ్డులో బండి ఉన్నంతకాలం ఆయన నన్ను తీయమంటూనే ఉంటారు, నేను ఏదో ఒకరోజు లొంగిపోయి తీస్తాను, మళ్ళీ అంబులెన్స్ వస్తుంది. ఇదే నేను నాకు చెప్పుకున్న కారణం. మంచి కారణమే. అమ్మడం తప్పని ఇప్పటికీ అనను.

కొనడానికి పక్క ఊరి నుంచి గడ్డం నెరిసిన ఒక రైతు వచ్చాడు. లోపల పేషెంట్ ఉన్నారు, బండిని చప్పుడు కాకుండా ట్రైలర్ మీదికి తోసుకుపొమ్మని ముందే చెప్పాను. సరేనన్నాడు. నేను వెనక గుమ్మం దగ్గరే, పైకి వెళ్ళే మెట్ల పక్కన నిలబడ్డాను. పాపం, తోసి చూశాడు, పట్టా గడ్డకట్టి కదల్లేదు. నావైపు చూసి, క్షమించమన్నట్టు చెయ్యి ఎత్తి, స్టార్ట్ చేశాడు.

ఆ గోల పొలమంతా నిండింది. గాలి అటువైపు ఉంది కనక పొగ ఇంటి మీదికి రాలేదు, అదొక్కటే అదృష్టం. పట్టా వదులు చేసుకోవడానికి కాబోలు, పొలంలోకి ఒక చుట్టు తీసుకెళ్ళాడు.

పైగదిలోంచి మావారి గొంతు వినిపించింది. ఊపిరి అందక రెండు మాటలకు ఒకసారి ఆగే గొంతు.

"ఏమోయ్! చెప్పకుండా వెళ్ళిపోతున్నావేం? వెళ్ళొస్తానని చెప్పవేం?"

నేను మెట్ల కిందే ఉన్నాను. నోరు తెరిస్తే ఇంట్లో ఉన్నానని తెలిసిపోతుంది. నోరు మూసుకుంటే, నలభై ఏళ్ళలో మొదటిసారి ఆయనకు చెప్పకుండా గడప దాటినదాన్నవుతాను. పైట నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడ్డాను.

"సర్లే... జాగ్రత్త. పొద్దుగూకకముందే వచ్చెయ్," అన్నారు. ఆ గొంతులో ఎంత సంతోషమో! హాస్పిటల్ నుంచి వచ్చాక ఆయన అంత సంతోషంగా మాట్లాడటం నేను వినలేదు.

చప్పుడు ఆగింది. ట్రైలర్ వెళ్ళిపోయింది. నేను మామూలుగా బండి మీద తిరిగి వచ్చేంతసేపూ వంటింట్లో కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. కుళాయి తిప్పలేదు, గిన్నె తీయలేదు. నా ఇంట్లో నేనే దొంగలా కూర్చున్నాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి చలిలో బుగ్గలు ఎర్రబడేదాకా నిలబడి, బూట్లు టపటపలాడించుకుంటూ పైకి వెళ్ళాను.

ఆయన దిండ్లకు ఆనుకుని లేచి కూర్చుని ఉన్నారు. "చెప్పకుండా వెళ్ళావు," అన్నారు, కోపం నటిస్తూ.

"మర్చిపోయానండీ."

"పోనీలే, వచ్చావుగా. ఎందాకా వెళ్ళావు?"

చెప్పాను. వాగు దాకా వెళ్ళానన్నాను. వాగు గడ్డకట్టిందన్నాను. అవతలి గట్టు మీద జింకలు కనిపించాయన్నాను, ఆయనకు ఇష్టమని. చిన్నపిల్లాడిలా వింటూ నా చెయ్యి పట్టుకున్నారు. ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టాన్ని పక్కకు జరిపి, నా అరచేతిని ముఖానికి ఆనించుకుని, మెల్లగా వాసన చూశారు. మళ్ళీ చూశారు. దగ్గు రాలేదు.

గొట్టం నేనే సర్దాను.

"అమ్మేశావా?" అన్నారు.

"పొగ మీకు పడట్లేదు కదండీ," అన్నాను.

"ఫిబ్రవరిలో ఎక్కుతానన్నాను కదా."

నేను తల దించుకున్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు, కోప్పడలేదు.

"అయితే ఆ మందు పనిచెయ్యట్లేదన్నమాట," అన్నారు.