తార్నాక వరండాలో భావుకత

భావుకత అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాపం, మాటలో తప్పేం లేదు. ఎదుటివాడి అనుభవాన్ని మన మనసులో మళ్ళీ పుట్టించుకోగలగడం, దాని అర్థం అంతే. మా క్యాంపస్‌లో దాన్ని వాడిన తీరుకే రోత పుట్టేది. వెన్నెల్లో తల పైకెత్తి నడుస్తూ బురదలో కాలేసిన ప్రతివాడూ భావుకుడే.

ఆ మాటను గుత్తకు తీసుకున్నవాడు మా తెలుగు లెక్చరర్. ఆదివారం సాయంత్రాలు తార్నాకలో తన ఇంటి వరండాలో చాపలు పరిపించేవాడు. మేం రాసుకొచ్చింది చదవాలి, ఆయన కళ్ళు మూసుకుని వినాలి. "ఇది నిజంగా జరిగిందా?" అని మాత్రం ఎవరూ అడగకూడదు. అడిగినవాడు మోటుమనిషి కింద జమ.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం రోజుల్లో, నా రూమ్మేట్ కుడిచేతి వేళ్ళు లాఠీ దెబ్బకు విరిగాయి. పరీక్షలు దగ్గరపడ్డాయి. వాడు చెబుతుంటే పక్కన కూర్చుని రాసే మనిషి కావాలి, అందుకు ఈయన సిఫారసు కావాలి. క్లాసులో అడగబోతే వినిపించుకోకుండా "ఆదివారం ఏదైనా రాసుకురా" అన్నాడు. సరే, చదివితే తప్ప చెవికెక్కని మనిషి కదా అని, జరిగింది జరిగినట్టు రాసి, వాణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను.

చదివాను. ఆయన కళ్ళు తెరవలేదు.

"ఆహా, ఏం భావుకతయ్యా! వేళ్ళు విరిగిన చప్పుడు నా చెవులకు వినపడింది. ఎలా ఊహించావు?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు.

రూమ్మేట్ లేచి వెళ్ళి ఆయన ముందు కట్టు విప్పాడు. "ఊహించిందేం లేదు సార్. గా చెయ్యి నాదే. పరీక్ష రాయనీకె ఒక మనిషిని ఇప్పియ్యుండ్రి."

వేళ్ళు ఉబ్బి నల్లబడి ఉన్నాయి. ఆయన కళ్ళు తెరిచి, చూసి, చటుక్కున మొహం తిప్పుకున్నాడు.

"అబ్బబ్బ, కట్టు కట్టుకోవయ్యా! టీ తాగే వేళ ఏమిటిది?" అని వాణ్ణి కసిరి, నావైపు తిరిగి మెత్తగా అన్నాడు: "నువ్వు ఆ వేళ్ళు విరిగే దగ్గర ఇంకోసారి చదువు."

నేను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇద్దరం బయటపడ్డాం. రోడ్డు మీద నేను వాడికి కట్టు కడుతుంటే, వాడు ఇంకా ఆ ఇంటివైపే చూస్తున్నాడు.

"గంతగనం మెచ్చుకునె గదరా," అన్నాడు. "రాసిస్తడు కావచ్చు."

రాసివ్వలేదు. వాడు ఆ ఏడు పరీక్షకు కూర్చోలేదు.