తాడిచెట్లు కలిసే వేళ

ఫోన్లో వేళ్ళు అంత గబగబా ఆడించకు తల్లీ, నా మాట పూర్తి కానీ. మీ తాత మొగ దగ్గర దారి తప్పాడని మన రేవులో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. ముందు అదే రాయి.

మా పడవ చిన్నది. తెరచాప, రెండు తెడ్లు, అంతే. అందరూ ఇంజన్లు బిగించుకున్నా తాత బిగించలేదు. ఆ చప్పుడులో నీళ్ళ మాట వినపడదనేవాడు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆయన కళ్ళకు పొర కమ్మింది. పక్కనున్న మనిషి మొహం తెలుస్తుంది, ఒడ్డు తెలీదు. అనకాపల్లి వెళ్ళి చూపించుకుందామంటే వినడు.

"అలలెక్కువున్న రోజు అందరి పడవలూ నా ఎనకాలే వత్తాయి. కల్లు పోనాయని తెలిత్తే ఎవడొత్తాడే? ఎవురికీ సెప్పకు" అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

మనలో ఆడది పడవెక్కదు. ఒడ్డున చేపలు ఏరుకుని, గంప నెత్తిన పెట్టుకుని నక్కపల్లి ఆటో ఎక్కడమే మన పని. అలాంటిది నేను ఆయన కళ్ళుగా పడవెక్కాను. మొదటిరోజు రేవులో కుర్రాళ్ళు ఒకటే నవ్వులు.

"ఏటి మావా, అత్తని ఒగ్గీసి పూటైనా ఉండలేవా?"

"ఇది ఒడ్డునుంటే బేరాల్లో మీ పెల్లాల్ని బతకనివ్వదురా. మీ మంచికే తీసుకుపోతన్నాను" అన్నాడు తాత.

ఇప్పుడు మొగ సంగతి చెప్పాలి, లేకపోతే చదివేవాళ్ళకి తెలీదు. మన ఏరు సముద్రంలో కలిసే చోటే మొగ. దానికి అటూ ఇటూ నీళ్ళకింద ఇసక మేటలు. మేట మీద అల విరుగుతుంది, విరిగితే పడవని బోర్లేస్తుంది. మధ్యలో సన్నటి దారి ఒకటే. ఆ దారికి గుర్తు ఒడ్డునున్న రెండు తాడిచెట్లు. ఒకటి ముందుకి, ఒకటి వెనక దిబ్బ మీద. సముద్రంలోంచి చూస్తే విడివిడిగా కనపడతాయి. పడవ సాగేకొద్దీ దగ్గరవుతాయి. ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే చెట్టులా కనపడ్డప్పుడు పడవ ముక్కు ఒడ్డుకి తిప్పాలి. నేను చూసి చెప్పేదాన్ని, ఆయన తిప్పేవాడు. రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఆ రోజు తెల్లారగట్ల సముద్రం పళ్ళెంలా ఉంది. వల నిండా కానాగంత చేపలు పడ్డాయి. ఎండెక్కేసరికి గాలి లేచింది. తిరిగొస్తుంటే పడవ ఎక్కుతోంది, దిగుతోంది. నేను రెండుసార్లు వాంతి చేసుకున్నాను. ఎప్పుడు ఒడ్డు మీద కాలు పెడతానా అని ఒకటే ఆత్రం.

"తాడిసెట్లు సూడవే" అన్నాడు.

కళ్ళల్లో ఉప్పునీళ్ళు తుడుచుకుని చూశాను. ఒకటే చెట్టు కనపడింది.

"కలిసిపోనాయి మావా, తిప్పు."

"ఇంత బేగా? మేట సప్పుడు ఇంకా కుడి పక్కకి రానేదే. మల్లీ సూడు."

నేను మళ్ళీ చూడలేదు.

"కల్లు నాయా, నీయా? తిప్పమంటే తిప్పు" అన్నాను.

తాత తిప్పేశాడు. నలభై ఏళ్ళు నీళ్ళు విన్న చెవుల్ని కాదనుకుని నా మాట విన్నాడు.

రెండు అలలు దాటాం. మూడోది వెనకనుంచి ఎత్తి బోర్లేసింది. నేను తెరచాప కింద చిక్కుకుపోయాను. ఎలా వచ్చాడో, జుట్టు పట్టుకుని బయటికి లాగి, తెడ్డు నా చంకల కింద దూర్చి, "ఒగ్గకు" అన్నాడు. నేను ఒగ్గలేదు. పక్క పడవవాళ్ళు నన్ను ఎత్తుకున్నారు. తాత మర్నాడు దొరికాడు.

నన్ను ఒడ్డున దింపినప్పుడు చూశాను. ముందున్న తాడిచెట్టు వేళ్ళతో సహా ఇసకలో అడ్డంగా పడుంది. మట్టలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఎండెక్కాక లేచిన ఆ గాలికే పడిందట. మిగిలింది ఒకటే. అది ఎక్కణ్ణించి చూసినా ఒకటే.

పెద్దకార్యం నాడు, నేను గుమ్మంలో కూర్చునుండగానే అన్నారు: "పెద్దోడైపోనాడు, మొగ మర్సిపోనాడు." నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఆయన కళ్ళ సంగతి చెప్పాలి, చేతిలో చెయ్యి వేశాను కదా. ఇన్నేళ్ళూ నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ తల్లీ, చెబితే నేను ఆయన్ని ఏమన్నానో కూడా చెప్పాలి.

ఏమిటి, ఆగిపోయావు?

"నాన్నమ్మా, కల్లు నాయా నీయా అన్నావు కదా, ఆ ముక్క తీసీనా?"

తియ్యకు. అది ఉంటేనే తాత దారి తప్పలేదని తెలుస్తుంది.