అత్తయ్య పొడిగుడ్డ

నిన్న పొద్దున నరసరావుపేటలో నా షాపు ముందు ఒక పెద్దాయన స్కూటర్‌ను నెట్టుకుంటూ వచ్చి ఆపారు. "మా మనవరాలి బండమ్మా. కాలేజీకి దీని మీదే పోద్ది. లాగట్లేదంట, ఊరికే అరుస్తా ఉందంట" అన్నారు. ఎడమ పక్క మూత విప్పానో లేదో గుప్పుమని కొట్టింది వాసన. కాలిన రబ్బరు, దాంతో కలిసి మరిగిన గ్రీజు. ఈ పనిలో నేను పీల్చని వాసన లేదు. కానీ ఈ ఒక్కటి ముక్కుకు తగిలితే మాత్రం ఇప్పటికీ నా చేతులు ఆగిపోతాయి. లోపల వేరియేటర్ నిండా గ్రీజే. "ఎవరు పెట్టారు బాబాయ్ ఇది?" అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "నేనేనమ్మా! ఎంత పొడిగా ఉందో చూసి నాకే జాలేసింది. బాగా పట్టించా." నేను పానా కింద పెట్టి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

వేరియేటర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. గేర్లు లేని స్కూటర్లో గేర్ల పని చేసేది అదే. రెండు పళ్ళాల మధ్య ఒక బెల్టు తిరుగుతుంది. ఒక పళ్ళెం వెనుక ఆరు చిన్న రోలర్లు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరుగుతూ పళ్ళాన్ని నెడతాయి, గేరు మార్చినట్టు అవుతుంది. బెల్టు ఆ పళ్ళాలను గట్టిగా పట్టుకుంటేనే బండి కదులుతుంది. అందుకే అక్కడ తడి ఉండకూడదు, జిడ్డు అసలే ఉండకూడదు. ఇదంతా నాకు నేర్పింది మా అత్తయ్య. ఈ మాట చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. మొదట్లో నా కళ్ళను నేనే నమ్మలేదు.

మాది చిలకలూరిపేట. నాన్న జిన్నింగ్ మిల్లులో గుమస్తా. ముప్పాళ్ళ దగ్గర ఊరికి నన్నిచ్చి చేశారు. కాపురానికి వెళ్ళిన మొదటి వారంలోనే ఒక ఉదయం వాకిట్లోకి వస్తే, అత్తయ్య చీర కుచ్చెళ్ళు ఎగదోపి, గోతం మీద స్కూటర్ పొట్ట విప్పి పరుచుకుని కూర్చుని ఉంది. అత్తగారి ముందు ఎలా నిలబడాలో మా అమ్మ నేర్పి పంపింది. అత్తగారే స్కూటర్ ముందు గొంతుక్కూర్చుంటే ఏం చేయాలో నేర్పలేదు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే ఆమె తలెత్తింది. "ఏందట్టా చూస్తన్నావ్? ఆ పొడిగుడ్డ ఇటియ్యి" అంది. ఆ ఇంట్లో నేను చేసిన మొదటి పని అదే.

మా అత్తయ్య అంజమ్మ అంటే ఊళ్ళో అందరికీ కాస్త బెదురు. మనిషి పొట్టి, మాట మోటు. మా మిరప చేను సాగర్ కాలవకు అవతల. ఊళ్ళోంచి చేనుకు పోవాలన్నా, చేనులోంచి రోడ్డెక్కాలన్నా కాలవకట్ట ఎక్కి దిగాల్సిందే. ముందు కాళ్ళ దగ్గర ఎరువు బస్తా, వెనుక ఒక మనిషి ఉంటే స్కూటర్ కట్ట సగంలో ఆయాసపడేది. కంపెనీ రోలర్ల కంటే కాస్త తేలికవి వేస్తే ఎత్తు బాగా ఎక్కుతుందని ఎవరో చెబితే, అప్పటి నుంచి అవీ ఇవీ మార్చి మార్చి చూసిందట. మరీ తేలికవి వేస్తే ఇంజను గోల, పెట్రోలు ఖర్చు. బరువువి వేస్తే కట్ట మీద మొరాయింపు. చివరికి తన బండికి సరిపోయే బరువు పట్టుకుంది. "రోడ్డు మీద పరుగు తగ్గితే తగ్గనీ. మనమేమన్నా పందేలకు పోతన్నామా? కట్ట ఎక్కాల, అంతే" అనేది.

ఆ బరువు రోలర్లు కంపెనీవి దొరకవు, బయటి తయారీవే కొనాలి. వాటిలో మంచివీ ఉంటాయి, చెత్తా ఉంటుంది, పెట్టె మీద బొమ్మ చూస్తే రెండూ ఒకటే. ఒకరోజు నన్ను సత్తెనపల్లి తీసుకుపోయింది. స్పేరుపార్టుల షాపులో ఒక్కో రోలర్‌ను అద్దం బల్ల మీద దొర్లించింది, పైతొడుగు మీద గోరుతో గీరి చూసింది, షాపతను విసుక్కుంటున్నా పట్టించుకోలేదు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని నేరుగా ఎదురుగా ఉన్న బంగారం కొట్లోకి నడిచింది. నా గుండె ఎగిరి గంతేసింది. కొత్త కోడల్ని కదా, గాజులు కొనిపెడుతుందనుకున్నాను. అత్తయ్య బొడ్లోంచి పొట్లం తీసి, ఆచారి గారి ముందు ఆరు రోలర్లు పోసింది. ఆయనకు అలవాటే కాబోలు, ఒక్కొక్కటే బంగారం తూచే కాటా మీద పెట్టాడు. అందులో ఒకటి బరువు ఎక్కువ తూగింది. వెంటనే వెనక్కి వెళ్ళి, షాపతనితో పోట్లాడి మార్చుకొచ్చింది. "ఒక ఎద్దు బలిసి, ఇంకోటి బక్కదైతే కాడి ఎటు పోద్ది? ఇదీ అంతే. జోడు కుదరాల" అంది నాతో. నా గాజుల సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మామయ్య ఎడ్లబండి మనిషి. ఇరుసుకు గ్రీజు, తలుపు బందులకు నూనె, నూతి గిలకకు మళ్ళీ గ్రీజు. చేతిలో ఆ గ్రీజు డబ్బా లేకుండా ఆయనను చూడటం అరుదు. నోటితో ఒక ప్రేమమాట అనడం తెలియదు గానీ, ఇంట్లో ఏది కిర్రుమన్నా ఊరుకునేవారు కాదు. అత్తయ్య స్కూటర్ విప్పినప్పుడల్లా పక్కనే చేరి చూసేవారు. "తిరిగే ఇనుముకు జిడ్డు లేకపోతే ఎట్టానే?" అనేవారు దిగులుగా. "ఇది నీ బండి ఇరుసు కాదు. ఆ డబ్బా తీసుకుని అటు పో" అని ఆమె కసిరేది. ఆయన నవ్వుకుంటూ పోయేవారు. ఆ మాట ఆయన తలకెక్కలేదని మాకెవరికీ తోచలేదు.

ఆ ఏడు మిరపకోతలప్పుడు స్కూటర్లో గడగడమని చప్పుడు మొదలైంది. రోలర్లు ఒక పక్కగా అరిగాయి, కోతలు కాగానే మారుద్దాం అంది అత్తయ్య. ఒకరోజు పొద్దున బండి తీస్తే చప్పుడు లేదు. "దానంతటదే ఎట్టా పోద్ది?" అని అనుమానపడింది. చేలో కూలీలు ఎదురుచూస్తున్నారు, విప్పి చూసే తీరిక లేదు. బండి కట్ట ఎక్కింది, దిగింది. ఎండ ముదరకముందే మిరప సాలులోంచి అత్తయ్య కేక వినిపించింది. పరిగెత్తాను. రక్తపింజరి. కుడి పాదం మీద కాటు.

అంబులెన్సు డొంకలోకి దిగదు, కట్ట దాటించి రోడ్డు మీదికి తేవాలి. ఆమెను వెనుక కూర్చోబెట్టుకుని స్కూటర్ తీశాను. కట్ట సగం ఎక్కామో లేదో ఇంజను గావుకేక పెట్టింది, బండి మాత్రం కదల్లేదు. ఇంకా తిప్పాను. అరుపు పెరిగింది, చక్రం వెనక్కి జారింది. పొద్దున ఎక్కిన కట్టే, అదే బండి. కాలిన వాసన కమ్ముకొచ్చింది. నా భుజం మీద అత్తయ్య చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. "అరవమాక. కూలోళ్ళను పిలువు, నెడతారు" అంది. ఆడవాళ్ళు పరుగున వచ్చి, ఆమె కూర్చుని ఉండగానే బండిని కట్ట మీదికి నెట్టారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

అక్కడి నుంచి అంబులెన్సులో ఆసుపత్రికి చేర్చాం, ప్రాణం దక్కింది. పది రోజులకు కుడి పాదం వేళ్ళు తీసేశారు. "కొంచెం ముందొస్తే దక్కేవేమో" అన్నాడు డాక్టరు. మామయ్య పక్కనే నిలబడి విన్నారు. అన్నాళ్ళూ కట్ట మీదే ఉన్న బండిని ఆ సాయంత్రం ఆయనే ఇంటికి నెట్టుకొచ్చారు. మర్నాడు నేను మూత విప్పాను. శుక్రవారం గడపకు పసుపు పూసినంత శ్రద్ధగా, రోలరు రోలరుకూ గ్రీజు. వేడికి కరిగి బెల్టంతా చింది ఉంది. ఎవరి చెయ్యో వేరే చెప్పాలా? నేను అసలే కోపిష్టిదాన్ని. తిన్నగా ఆసుపత్రికి పోయాను. మామయ్య టీ తేవడానికి వెళ్ళి ఉన్నారు. "అత్తయ్యా, ఇది మామయ్య పని" అని మొదలుపెట్టాను.

"నాకు తెలుసులే" అంది ఆమె. "కట్ట మీద వాసన రాంగానే తెలిసింది."

ఒంట్లో విషం ఎక్కుతుంటే, బండి వెనక్కి జారుతుంటే, ఈమె ఇది తెలిసీ నోరు మూసుకుందా? "మరి ఒక్క మాటా అనలేదేం?" అన్నాను.

"ఏమనాల? నా వేళ్ళే పోయినయ్. ఆ మాట చెబితే ఆయనే పోతాడు. నువ్వూ చెప్పమాక. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచెయ్."

మామయ్య టీ గ్లాసుతో లోపలికి వచ్చారు. అత్తయ్య గోడవైపు చూస్తూ, "పాత బెల్టయ్యా, కట్ట మీద తెగింది" అంది. ఆయన తలూపి గ్లాసు అందించారు.

ఇంటికి వచ్చాక ఇంకో మాట చెప్పింది. "ఇక బండి మీద కోడలి చెయ్యి తప్ప ఎవరిదీ పడగూడదు. నాదైనా సరే." ఆయన పేరెత్తకుండా ఆయనను ఆపడానికి తన చెయ్యి కూడా తీసేసుకుంది. తనకు ఎంతో ఇష్టమైన పని అది. మంచం మీద కూర్చుని చెప్పేది, నేను చేసేదాన్ని. నేను రోలర్లు తుడుస్తుంటే ఆమె చేతివేళ్ళు చీర చెంగును తుడుస్తూ ఉండేవి. చూసి నాకు ఏడుపొచ్చేది. ఆ చదువుతోనే తర్వాత నరసరావుపేటలో షాపు పెట్టాను.

ఆ రోజుల నుంచే మామయ్య ఎడ్లబండి కిర్రుమనడం మొదలైంది. ఊరి చివర ఉండగానే ఇంట్లోకి వినిపించేది. "వెంకటేశ్వర్లు సన్నాయి వస్తందిరోయ్" అని మామయ్య పేరు పెట్టి జనం ఎగతాళి చేసేవారు. తలుపు బందులూ మూలిగేవి. పెద్దతనం, ఓపిక తగ్గిందనుకున్నాం.

నిరుడు అత్తయ్య గుండెపోటుతో పోయింది. పెద్దకర్మ అయ్యాక మామయ్య ఆ గ్రీజు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. "నీ షాపులో పనికొస్తదేమో చూడమ్మాయ్" అన్నారు. మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే లోపల గ్రీజు ఎండి గట్టిపడి ఉంది, దాని మీద రెండు వేళ్ళు తోడిన చాళ్ళు అట్లాగే ఉన్నాయి.

"ఇదేంటి మామయ్యా, వాడనే లేదా?"

"స్కూటర్‌కి పెట్టిందే ఆఖరు."

"మీకు తెలుసా?"

"బండి నెట్టుకొచ్చింది నేనేగా. దారి పొడుగునా అదే వాసన. పొద్దున్నే చెప్పేద్దామని టీ పట్టుకుని వచ్చా. నా మొహం చూడకుండా బెల్టు తెగిందంది. అంత కష్టపడి దాచిందాన్ని నేనెట్టా బయటపెట్టేది? ఒక్కసారి తిడితే బాగుండు, కాళ్ళు పట్టుకుని ఏడ్చేవాణ్ణి. తిట్టలా. చచ్చేదాకా తిట్టలా."

ఆ కిర్రు చప్పుడంతా, అన్నేళ్ళ చప్పుడంతా, ఒక్కసారిగా నా చెవుల్లోకి వచ్చిపడింది. అత్తయ్య చేసినదేదీ తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. ఆమె దయ వల్ల ఆయన ఒంటరిగా అంత మోశారని తెలిశాక, ఇప్పటికీ తేరుకోలేదు.

నిన్న ఆ పెద్దాయన ముందు కూర్చున్నప్పుడు, "బెల్టు పాతబడింది బాబాయ్" అనే మాట నా నోటిదాకా వచ్చింది. అది అత్తయ్య మాట. మింగేశాను. "నీ గ్రీజు వల్లే బండి లాగట్లేదు. లారీ ముందు ఇట్టా ఆగితే పిల్ల ఏమైపోయేది?" అని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. పొడిగుడ్డ ఒకటి ఆయన చేతికిచ్చి, ఇంకోటి నేను తీసుకున్నాను. ఇద్దరం కూర్చుని తుడిచాం.

"మా మనవరాలికి తెలిస్తే తిడుద్దమ్మా" అన్నారు చివరికి.

"నువ్వే చెప్పు బాబాయ్. తిట్టనియ్యి" అన్నాను. మా మామయ్యకు ఆ తిట్లు దక్కలేదు.